కృష్ణ మీద పడవకు ఎలక్ట్రానిక్ పటం: ఏది చౌక, ఏది నమ్మదగినది?

నేలమీద పోయేవానికి దారి కళ్ళ ఎదుట ఉంటుంది. నీటిమీద పోయేవానికి అసలు దారి నీటి అడుగున ఉంటుంది. అందుచేత పడవ నడిపే మనిషి రెండు సంగతులు ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండాలి. తానిప్పుడు ఎక్కడ ఉన్నాడన్నది ఒకటి. తన పడవ కింద నీరు ఎంత ఉన్నదన్నది రెండవది. పూర్వం మొదటిదానికి ఒడ్డున ఉన్న కొండలూ గుళ్ళూ గుర్తులైతే, రెండవదానికి చేతిలోని గడకర్రే సాధనం. ఈనాడు మొదటి ప్రశ్నకు జేబులోని ఫోను ఉపగ్రహాల సహాయంతో క్షణంలో సమాధానం చెబుతున్నది. రెండవ ప్రశ్నకు పటం సమాధానం చెప్పాలి. ఎలక్ట్రానిక్ పటాలన్న పేరుతో చౌకగా దొరికేవాటిలో చాలా భాగం మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పి, రెండవదానికి కూడా చెప్పినట్లు భ్రమ కలిగిస్తాయి. వాటి గుణదోషాలను దక్షిణ తెలంగాణ మెరకసీమ గుండా పారే కృష్ణను ఉదాహరణగా తీసుకొని విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెరకసీమలో పడవలేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. కృష్ణ తంగిడి దగ్గర భీమను కలుపుకొని పాత మహబూబ్ నగర్ జిల్లాలో ప్రవేశిస్తుంది. జూరాల, బీచుపల్లి దాటి, ఆలంపురం సమీపాన తుంగభద్రను చేర్చుకొని, శ్రీశైలం జలాశయంగా మారుతుంది. కొల్లాపురం దగ్గరి సోమశిల ఈ జలాశయపు ఒడ్డుననే ఉన్నది. ఆ తరువాత నల్లమల లోయలో ఇరుకుగా సాగి, నాగార్జునసాగరంగా విస్తరించి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొంటుంది. చేపలు పట్టే పుట్టీలు, ఏటికి ఆవలి ఊళ్ళకు మనుషులను చేరవేసే మరబోట్లు, నాగార్జునకొండ ద్వీపానికి పోయే లాంచీలు, నీరు చాలినంత ఉన్నప్పుడు సాగర్ నుంచి, సోమశిల నుంచి శ్రీశైలానికి నడిచే యాత్రికుల లాంచీలు ఈ నీటిమీద తిరుగుతున్నవి. వాడపల్లికే వజీరాబాదు అని మరొక పేరు. అక్కడి నుంచి విజయవాడ వరకు 157 కి.మీ. పొడవున కృష్ణను 2008లో నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. 2016 నాటి చట్టం ఈ మార్గాన్ని ఎగువకు కర్ణాటకలోని గలగలి దాకా పొడిగించింది. కాగితం మీద మార్గం ఏర్పడినది. ఆ మార్గానికి పటం ఏదన్నదే ప్రశ్న.

బొమ్మ వేరు, పటం వేరు

ఎలక్ట్రానిక్ పటాలు ముఖ్యంగా రెండు జాతులు. మొదటి జాతి, కాగితం పటాన్ని ఉన్నదున్నట్లు ఫోటో తీసి తెరమీద చూపేది. ఇది చిన్న చిన్న రంగు గళ్ళ కూర్పు. పెద్దది చేసి చూస్తే గళ్ళు పెద్దవవుతాయే గాని కొత్త సంగతి ఏదీ తెలియదు. రెండవ జాతిలో ప్రతి వస్తువూ ఒక నమోదు. ఫలానా అక్షాంశ రేఖాంశాల దగ్గర బండ ఉన్నది, దాని నెత్తి ఫలానా లోతున ఉన్నది అన్నట్లుగా ఒక్కొక్కదాన్ని విడివిడిగా రాసి ఉంచుతారు. ఇందుచేత యంత్రం ఆ సమాచారాన్ని చదివి, పడవ అటువైపు పోతూ ఉంటే ముందుగానే హెచ్చరించగలదు. సముద్రయానం కోసం ఇట్టి నమోదుకు అంతర్జాతీయ జలసర్వే సంస్థ ఎస్-57 అనే ప్రమాణాన్ని ఏర్పరచింది. నదులకు కావలసిన వంతెన ఎత్తులు, లాకులు, కిలోమీటరు రాళ్ళు మొదలైనవి దానికి చేర్చి నదీ పటాల ప్రమాణాన్ని రూపొందించారు.

రెండవ జాతి పటం కూడా పెద్దది చేసినంతమాత్రాన నిశితం కాదు. ఇది విద్యార్థులు లెక్క వేసి చూడదగిన విషయం. 1:50,000 స్కేలు మీద గీసిన పటంలో అర మిల్లీమీటరు గీత నేలమీద 25 మీటర్లవుతుంది. ఆ పటం నుంచి ఎక్కించిన ఒడ్డును తెరమీద ఎంత పెంచి చూసినా ఆ 25 మీటర్ల అనిశ్చితి పోదు. ఆకాశం విశాలంగా కనబడే చోట ఫోను తన స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. నల్లమల లోయలో రెండు వైపులా నిలువు గట్లు ఉన్నచోట కొన్ని ఉపగ్రహాలు మరుగుపడటం వల్ల, వాటి సంకేతాలు రాతి గోడలను తాకి తిరిగి రావడం వల్ల తేడా ఇంకా పెరుగుతుంది. అయినా తెరమీద పడవ గుర్తు సూదిమొనలా నిశ్చలంగా కనబడుతుంది. చూసేవానికి నమ్మకం కుదురుతుంది. ఎలక్ట్రానిక్ పటాలమీద చేయవలసిన మొదటి విమర్శ ఇదే. తమకు తెలిసినదానికన్న ఎక్కువ తెలిసినట్లు అవి కనబడతాయి.

ఏ మట్టం నుంచి కొలిచిన లోతు?

పటంలో లోతు అంకె ఉన్నంతమాత్రాన చాలదు. ఏ నీటిమట్టం నుంచి కొలిచినారో తెలియాలి. దీనిని ఆధారమట్టం అంటారు. సముద్రంలో ఆటుపోట్ల తేడా సాధారణంగా కొద్ది మీటర్లు. అదీ గడియారం ప్రకారం వస్తుంది. మన జలాశయాల సంగతి అట్లా కాదు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. వేసవిలో 830 అడుగుల దరిదాపుకు దిగిన సంవత్సరాలు ఉన్నవి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. అది 510 అడుగుల ప్రాంతానికి దిగడం కలదు. అంటే ఒకే చోట ఆశ్వయుజంలో ఉన్న నీటికీ, వైశాఖంలో ఉన్న నీటికీ యాభై, అరవై అడుగుల తేడా రావచ్చునన్నమాట. తుంగభద్ర సంగమం దిగువన ఉన్న సంగమేశ్వరం గుడి వేసవిలో బయటపడి, వరద రాగానే మునిగిపోవడం ఆ ప్రాంతంవారికి తెలిసినదే.

ఒక లెక్క చూద్దాం. నిండు మట్టానికి 12 అడుగుల కింద ఒక బండ నెత్తి ఉన్నదని పటంలో రాసి ఉన్నదనుకొందాం. అంటే దాని మట్టం 873 అడుగులు. ఆనాటి నీటిమట్టం 880 అయితే దానిమీద 7 అడుగుల నీరు ఉన్నది. నీటిలో 4 అడుగులు మునిగే లాంచీ క్షేమంగా పోతుంది. మట్టం 875 అయితే నీరు 2 అడుగులే. లాంచీ అడుగుభాగం బండకు తగులుతుంది. మట్టం 870 అయితే బండ 3 అడుగులు పైకి తేలి కంటికి కనబడుతుంది. బండ కనబడిననాడు ప్రమాదం తక్కువ. కనబడకుండా కొద్దిగా మునిగిన రోజులలోనే ప్రమాదం ఎక్కువ. పటం మారలేదు, అంకె మారలేదు. మారినది ఆ అంకెకు అర్థం.

కనుక జలాశయంలో వాడే పటానికి ఆనాటి మట్టాన్ని తీసుకొని లోతులను సరిచేసే ఏర్పాటు తప్పనిసరి. నీటిపారుదల శాఖవారు జలాశయాల మట్టాలను ప్రతిరోజూ ప్రకటిస్తూనే ఉన్నారు. ఆ అంకెను యంత్రంలో వేసుకోవడానికి వీలులేని పటం ఎంత అందంగా ఉన్నా శ్రీశైలం మీద పనికిరాదు. కొలమానాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. శ్రీశైలం, సాగర్ మట్టాలను అడుగులలోను, జూరాల మట్టాన్ని మీటర్లలోను చెప్పడం వాడుక. జూరాల నిండు మట్టం 318.516 మీటర్లు, అంటే 1045 అడుగులు. అడుగులను మీటర్లనుకొన్నవాడు ఉన్న లోతుకు మూడింతలు పైగా ఉన్నదని భ్రమపడతాడు.

పటానికి వయస్సు ఉన్నది

నది కదిలే వస్తువు. అది నీటితోపాటు మట్టినీ ఇసుకనూ మోసుకువస్తుంది. జలాశయంలో వేగం తగ్గగానే ఆ బరువును దించివేస్తుంది. నాగార్జునసాగర్ నిలువ సామర్థ్యాన్ని నిర్మాణ కాలంలో 408 టి.ఎం.సి.లుగా లెక్కించారు. నూరు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. తరువాతి సర్వేలలో అది 312 టి.ఎం.సి.లని తేలినది. శ్రీశైలం సామర్థ్యం 308 నుంచి సుమారు 216కు తగ్గినది. అంటే సాగర్‌లో దాదాపు నాలుగవ వంతు, శ్రీశైలంలో ఇంచుమించు మూడు పదుల శాతం చోటు పూడికతో నిండిపోయినది.

ఈ పూడిక అంతటా సమానంగా పరచుకోదు. బరువైన ఇసుక జలాశయం మొదట్లోనే, ప్రవాహం మందగించే చోట దిగిపోతుంది. సన్నని ఒండ్రు మాత్రమే ఆనకట్ట దాకా పోతుంది. ఆనకట్ట దగ్గర లోతు ఎట్లాగూ వందల అడుగులు. అక్కడ కొంత తగ్గినా పడవకు లెక్కలేదు. కాని ఎగువన, లోతు మొదటినుంచీ తక్కువగా ఉన్నచోట మేట వేస్తే పడవదారే మారిపోతుంది. మనుషులు ఏరు దాటే రేవులు ఎక్కువగా ఉన్నది కూడా అక్కడనే. అందువల్ల ఇరవై ఏండ్లనాటి కొలతలతో చేసిన పటం ఆనకట్ట దగ్గర కొంతవరకు నిజమే చెబుతుంది, రేవు దగ్గర అబద్ధం చెబుతుంది. పటంమీద ముద్రించిన తేదీ వేరు, కొలత తీసిన తేదీ వేరు. మనం అడగవలసినది రెండవదానిని.

పూడికతోపాటు మునిగిన ఊళ్ళనూ గుర్తుంచుకోవాలి. సాగర్ నీటి కింద ఏలేశ్వరం ఉన్నది. శ్రీశైలం నీటి కింద ఎన్నో గ్రామాలు, గోడలు, చెట్ల మోళ్ళు ఉన్నవి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి ఆలంపురంలో తిరిగి కట్టారు గాని, ప్రతి కట్టడాన్నీ అట్లా తరలించలేదు. లోతు అంకెలలో ఈ అడ్డంకులు కనబడవు.

చౌకగా దొరికే రకాలు, వాటి విలువ

ఇక మనకు అందుబాటులో ఉన్నవాటిని పరిశీలిద్దాం.

మొదటిది, ఫోనులో ఉచితంగా వచ్చే సాధారణ పటం. ఇందులో కృష్ణ ఒక నీలిరంగు పట్టీ. నీలం అంతా ఒక్క తీరే. రెండు అడుగుల మడుగూ, రెండు వందల అడుగుల అఖాతమూ ఒకే రంగు. ఒడ్డు గీత కూడా ఏ నెలలో, ఏ మట్టం దగ్గర తీసిన చిత్రం నుంచి వచ్చినదో చెప్పదు. రేవుకు చేరే రోడ్డు తెలుసుకోవడానికి ఇది బాగు. నీటిలో దిగిన తరువాత ఇది పటం కాదు.

రెండవది, డబ్బు తీసుకొని ఇచ్చే నౌకాయాన పటాల సమూహం. సముద్రతీరాలకు, పడవ విహారం ఎక్కువగా ఉన్న దేశాల సరస్సులకు ఇవి ఉపయోగకరమైనవే. అయితే అమ్మకందారు దేశం మొత్తాన్ని ఒకే కట్టగా అమ్ముతాడు. కట్టలో మన జలాశయం పేరు ఉన్నంతమాత్రాన దానిలో కొలిచిన లోతులు ఉన్నవనుకోరాదు. కొనేముందు సోమశిల దగ్గరకు తెరను జరిపి, అక్కడ లోతు అంకెలు ఉన్నవా, ఉంటే ఏ సంవత్సరపు సర్వే అని చూడవలెను. పైగా రహస్య సంకేతంతో తాళం వేసిన పటాలకు గడువు ఉంటుంది. గడువు తీరగానే మళ్ళీ చెల్లించాలి. ధర అంటే మొదటి రోజు ఇచ్చిన సొమ్ము మాత్రమే కాదు.

మూడవది, ప్రభుత్వాలు తయారుచేసి ఉచితంగా ఇచ్చే నదీ పటాలు. అమెరికాలో మిసిసిపి, ఒహాయో మొదలైన నదులకు ఆ దేశపు సైనిక ఇంజనీర్ల శాఖ ఎలక్ట్రానిక్ పటాలు చేసి ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నది. యూరపులో రైన్ నది కమిషన్ 2001లోనే నదీ పటాల ప్రమాణాన్ని ఆమోదించింది. మన దేశంలో 1986లో ఏర్పడిన అంతర్దేశీయ జలమార్గాల సంస్థ, ఏ భాగంలో కనీసం ఎంత లోతు ఉన్నదో తెలిపే ఏర్పాటును 2018లో ప్రారంభించింది. గంగ వంటి పెద్ద మార్గాలమీద ఈ పని ముందుకు సాగినది. కృష్ణలో మొదటి దశగా 2017లో ముక్త్యాల, విజయవాడల మధ్య 82 కి.మీ. భాగాన్ని చేపట్టారు. అది వాడపల్లికి దిగువ. సరకు పడవలకోసం తలపెట్టిన పనికి దిగువ నది ముందు రావడం సహజమే. కాని మనుషులు రోజూ ఏరు దాటే ఎగువ జలాశయాలకు ఆ క్రమంలో చివరి స్థానం దక్కడం న్యాయం కాదు.

నాలుగవది, సొంతంగా కూర్చుకొనే పటం. ఓపెన్ సి.పి.యన్. అనే ఉచిత సాధనం ఎస్-57 పటాలనూ, నదీ పటాలనూ చదువుతుంది. ఓపెన్ సీ మ్యాప్ అనే ఉమ్మడి ప్రయత్నం 2009లో మొదలైనది. యంత్రం ఉచితమే. అందులో పోయవలసిన కొలతలే కావాలి. ఇందుకు రెండు చౌక మార్గాలు ఉన్నవి.

ఒకటి, ఉపగ్రహ చిత్రాలు. 2015లో యూరపువారు పంపిన సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు ఉచితం. వాటిలో ఒక్కొక్క గడి 10 మీటర్లు. శ్రీశైలం మట్టం 880 అడుగులు ఉన్ననాటి చిత్రంలో నీటి అంచు గీస్తే అదే 880 అడుగుల సమోన్నత రేఖ. మట్టం 870కి, 860కి దిగిన రోజుల చిత్రాలలో కూడా అట్లాగే గీస్తూ పోతే, నీరు తగ్గినప్పుడు బయటపడే నేలకంతా పటం సిద్ధమవుతుంది. నది తన పటాన్ని తానే గీసి ఇచ్చినట్లు! అయితే ఎన్నడూ బయటపడని అడుగుభాగం దీనికి చిక్కదు. మూడు మీటర్ల బండ పది మీటర్ల గడిలో కలిసిపోతుంది.

రెండవది, ప్రతిధ్వని లోతుమాపకం. చేపల జాడ తీసే చిన్న యంత్రం ఈ పని చేస్తుంది. మంచినీటిలో 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ధ్వని సెకనుకు సుమారు 1497 మీటర్లు పోతుంది. పంపిన ధ్వని అడుగును తాకి సెకనులో యాభయ్యవ వంతు కాలానికి తిరిగి వస్తే, పోను రాను దూరం సుమారు 30 మీటర్లు. కనుక లోతు 15 మీటర్లు. పడవ తిరిగిన ప్రతిసారీ స్థానం, లోతు, ఆనాటి మట్టం మూడూ నమోదైతే కొన్ని నెలలకు ఆ దారిపటం తయారవుతుంది. ఇందులో లోపం ఏమంటే, పడవ పోయిన దారి కిందనే కొలత ఉంటుంది. పది గజాల పక్కన ఏమున్నదో అది చెప్పదు.

తరగతి గదిలో చూపదగిన ప్రయోగం

ఈ లోపాన్ని ఉపాధ్యాయులు సులభంగా చూపవచ్చును. వెడల్పయిన తొట్టిలో ఇసుక ఎగుడు దిగుడుగా పరచి, ఒక మూల పిడికెడు గుండ్రాయిని నిలిపి, పైన ఎర్రమట్టి కలిపిన నీరు పోయండి. ఒక జట్టు విద్యార్థులు గుర్తులు పెట్టిన పుల్లతో 15 సెంటీమీటర్ల కొకచోట లోతు కొలిచి పటం గీయాలి. మరొక జట్టు 3 సెంటీమీటర్ల కొకచోట కొలవాలి. మొదటి జట్టు పటంలో తరచుగా రాయి ఉండదు. వారు కొలిచిన ప్రతి అంకె నిజమే, అయినా పటం అబద్ధమవుతుంది. తరువాత తొట్టిలో నీరు సగం తీసివేసి, రెండు పటాలలోని లోతులను కొత్త మట్టానికి సరిచేయించండి. కొలతల దూరం, ఆధారమట్టం అన్న రెండు భావాలూ ఒక్క తొట్టితోనే విద్యార్థులకు బోధపడతాయి.

చౌక అంటే ఏమిటి?

పై చర్చను బట్టి పటాన్ని ఎన్నుకొనేవారు ధరకన్న ముందు ఐదు ప్రశ్నలు అడగాలి. కొలిచినది ఎవరు? ఎప్పుడు? ఏ మట్టం నుంచి? ఎంతెంత దూరానికి ఒక కొలత తీశారు? తప్పు కనబడితే సరిదిద్దేది ఎవరు? ఈ ఐదింటికీ సమాధానం లేని పటం ఉచితంగా వచ్చినా ఖరీదైనదే. వీటికి సమాధానం ఉన్న పటం చేతిరాతతో గీసినదైనా నౌకాపటమే.

ఈనాటి స్థితిలో సోమశిల నుంచి బయలుదేరే సరంగుకు నేను సూచించదగినది ఇది. ఉచిత సాధనం ఒకటి, అందులో తేదీ, మట్టం రాసిపెట్టిన ఉపగ్రహపు అంచు గీతలు, చిన్న లోతుమాపకం, తన సొంత ప్రయాణాల నమోదు. డబ్బు ఖర్చు పెట్టవలసినది లోతుమాపకం మీద, లోతులు లేని పటాల కట్టమీద కాదు. గడకర్రను, నీటిరంగునూ సుడినీ చూసి అడుగును పసిగట్టే అనుభవాన్నీ వదలరాదు.

పటానికి ఉన్న హద్దును కూడా చెప్పుకోవాలి. 2007 జనవరిలో కొల్లాపురం ప్రాంతపు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో మనుషులు మరణించారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర యాత్రికుల పడవ మునిగినది. మితిమించిన బరువునూ, వరద సుడినీ ఏ పటమూ ఆపలేదు. ప్రాణరక్షక చొక్కాలకు, పడవ తనిఖీకి పటం బదులు కాజాలదు. అది అనేక రక్షణలలో ఒకటి మాత్రమే. అయితే ఇంతవరకు ఈ నీళ్ళమీద ఆ ఒక్కటీ సక్రమంగా లేదు.

ఇది తీర్చరాని కొరత కాదు. సాగర్, శ్రీశైలం సామర్థ్యాలు తగ్గినవని లెక్క తేల్చడానికి ఆ జలాశయాల అడుగును ఏదో ఒక పద్ధతిలో కొలవవలసి వచ్చినది గదా! ఆ కొలతలు ఎన్ని టి.ఎం.సి.ల నీరు ఉన్నదో చెప్పడంతోనే ఆగిపోతున్నవి. అవే కొలతలను స్థానం, తేదీ, ఆధారమట్టంతో సహా ప్రకటిస్తే సగం పటం సిద్ధమైనట్లే. పటాల తయారీమీద, భౌగోళిక సమాచారంమీద ఉండిన ఆంక్షలను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించింది కూడా. ప్రజల సొమ్ముతో కొలిచిన లోతు పంటకాలువకు ఎంత అవసరమో, ఏరు దాటే పుట్టికీ అంతే అవసరం. సోమశిల రేవులో, సాగర్ రేవులో ఆనాటి మట్టం పక్కనే, ఏ దారిలో ఎంత నీరు ఉన్నదో రాసిన పలక నిలిచిననాడు మనకు నిజంగా చౌకైన పటం దొరికినట్లు.